వేరు పొయ్యి

మరమగ్గాల పనికి పోయిన భివండిలో నా భర్త వేరే సంసారం పెట్టుకున్నాక, నేను ఆలేరు దగ్గర మా ఊరికి, తమ్ముడి ఇంటికి వచ్చేశాను. అప్పటికే మా బాపు పోయాడు. తమ్ముడు నేత మానేసి పట్నంలో నౌకరీ చేస్తూ రోజూ రైలుకు పోయివచ్చేవాడు. మరదలు నన్ను ఏనాడూ ఒక మాట అనలేదు. వాళ్ల చిన్నబిడ్డ నా కొంగు పట్టుకుని నా పక్కనే పడుకునేది.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు పింఛను ఇస్తారని విని దరఖాస్తు పెట్టుకున్నాను. విచారణకు వచ్చిన పంచాయతీ సెక్రటరీ చిన్నవాడు, మర్యాదస్తుడు. ఈ ఊళ్లోనే ఉంటున్నానా, మళ్లీ భివండి పోతానా అని అడిగాడు. ఇక్కడే ఉంటోందని ఇరుగుపొరుగు చెప్పారు. తర్వాత అతను ఇంట్లోకి తొంగి చూశాడు.

"అక్కా, మీరు తమ్మునింట్లనే తింటున్నరు. ఒక్క పొయ్యి అంటే ఒక్క కుటుంబం కిందనే రాయాలె. ఆయనకేమో జీతమున్నది," అన్నాడు.

వేరుగా ఉంటే రాస్తావా అని అడిగాను. రాస్తానన్నాడు, కానీ మాటకు కాదు, నిజంగానే ఉండాలన్నాడు.

నీకింత తిండి పెట్టలేకపోతున్నానా అని తమ్ముడు బాధపడ్డాడు. మందుబిళ్లకు కూడా అతని ముఖం చూడడం నాకెంత కష్టమో ఎలా చెప్పను? అదే సందు చివర ఒక గది కిరాయికి తీసుకున్నాను. మరదలు తన పాత స్టవ్వు, రెండు గిన్నెలు నా చేతికిస్తూ ఏడ్చింది.

మొదటి రోజు అన్నం ఎక్కువైంది. ఇంటిల్లిపాదికీ వండిన చేతికి, ఒక్కరికి ఎంత పోయాలో తెలియలేదు. సాయంత్రం మరదలు పప్పు తెచ్చింది. ఎవరైనా చూస్తే రెండిళ్లూ ఒకటేనంటారని గుమ్మం దగ్గరే ఆపేశాను. ఆమె గిన్నె మీద కొంగు కప్పుకుని తిరిగి పోతుంటే పిలవాలనిపించింది. పిలవలేదు. పిల్ల కొన్నాళ్లు నా కోసం ఏడ్చిందట. తర్వాత వాళ్లమ్మ పక్కన అలవాటు పడింది.

సెక్రటరీ మళ్లీ వచ్చి పొయ్యి చూశాడు, చాప చూశాడు. పక్కింటి అవ్వను అడిగాడు.

"ఒక్కతే ఉంటది సారూ. ఆ గదిలకెల్లి మాట గూడ ఇనరాదు," అన్నది అవ్వ.

నాకు మేలు చేసే మాటే. అయినా విని అక్కడ నిలబడలేక, నీళ్లు తెస్తానని లోపలికి పోయాను.

పింఛను మంజూరైంది. మొదటిసారి వేలిముద్ర వేసి తీసుకున్న రోజున పిల్లకు గాజులు కొని తమ్ముడి ఇంటికి పోయాను. పిల్ల బడిలో ఉంది. మరదలు కుర్చీ వేసి కూర్చోమంది. ఆ ఇంట్లో నాకు కుర్చీ వేయడం అదే మొదలు.

"ఇగ వచ్చెయ్ వదినె. ఎవలు చూస్తరు?" అంది.

"మల్ల విచారణకొస్తే?"

ఆమె చాయ్ పెట్టి తెచ్చింది. చాయ్ తాగి గ్లాసు కడగబోతే నా చేతిలోంచి తీసుకుంది. గాజులు ఆమెకిచ్చి, వంట చేసుకోవాలని చెప్పి లేచాను. చేయాల్సిన వంటేమీ లేదు. పొద్దున వండిందే అలాగే ఉంది.