మంగమ్మ గారికి సరిపోని క్లాస్

2006లో రాజమండ్రిలో ముగ్గురం కలిసి చిన్న కంప్యూటర్ ఆఫీసు నడిపేవాళ్లం. తప్పిపోయినవారి వివరాలు పెట్టడానికి ఒక సేవాసంఘం వాళ్లు వెబ్‌సైటు అడిగారు. దాన్ని పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసే పని నాది. పేరు, వయసు, ఎత్తు, ఫోటో, కట్టుకున్న బట్టలు అంటూ ఒక క్లాస్ రాసిపెట్టాను. క్లాస్ అంటే అచ్చు లాంటిది. ఒక్కో మనిషి వివరాలతో తయారయ్యే ఆబ్జెక్ట్ ఆ అచ్చులోంచే రావాలి.

సైటు పని ఇంకా నడుస్తుండగానే సంఘం వాళ్లు మండపేట నుంచి సత్యవతి గారిని పంపారు. ఆవిడ అక్క మంగమ్మకు పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. కొవ్వూరులో పెళ్లికెళ్లి వస్తూ స్టేషన్ రద్దీలో తప్పిపోయింది.

"ఫోటో ఉందాండి?"

"లేదు బాబూ. ఫోటో అంటే భయపడేది."

"ఏ చీర కట్టుకున్నారు?"

"ఏడాది దాటిందండి. ఇంకా ఆ చీరే ఉంటుందా?"

"మరి గుర్తుపట్టడానికి ఇంకేమైనా..."

సత్యవతి గారు అన్నారు. "బియ్యం కనబడితే ఎవరిల్లని చూడదండి. కూర్చుని రాళ్లు ఏరేస్తుంది. మెరుపు మెరిస్తే నా చెవులు మూసేది, నేను ఉరుముకి భయపడతానని. ఇవి రాయొచ్చాండి?"

నా క్లాస్‌లో వాటికి చోటు లేదు. పీహెచ్‌పీలో ముందుగా క్లాస్ రాయకుండానే ఆబ్జెక్ట్ చేసుకోవచ్చు. ఎస్‌టీడీ క్లాస్, అంటే స్టాండర్డ్ క్లాస్, అనే ఖాళీ ఆబ్జెక్ట్ తీసుకుని, తెలిసిన వివరాన్నల్లా ప్రాపర్టీగా, అంటే దాని లక్షణంగా, అప్పటికప్పుడు చేర్చుకుంటూ పోవడమే. నా అచ్చు పక్కన పెట్టి, ఆవిడ చెప్పినవన్నీ అలాగే చేర్చాను.

సైటు మొదలైన కొన్నాళ్లకి కోరుకొండ సత్రంలో వంట చేసే ఆయన, ఎవరో సైటు చదివి చెప్పగా, ఫోన్ చేశారు. "బియ్యం ఏరే ఆవిడ మా దగ్గరే ఉండేవారండి. శ్రావణంలో జ్వరమొచ్చి పోయారు. ఎవరూ లేరనుకుని మేమే దహనం చేశామండి." ఆవిడ పోయేనాటికి మా సైటు ఇంకా రాలేదు.

సత్యవతి గారితో నేనూ వెళ్లాను. మంగమ్మ కూర్చునే అరుగు చూపించారాయన.

"ఏమని పిలిచేవారండి?" అడిగారు సత్యవతి గారు.

"పేరు తెలీదు కదమ్మా. వినబడకపోయినా 'అక్కా' అనే పిలిచేవాళ్లం."

ఆవిడ ఆ అరుగు మీదే కూలబడి ఏడ్చారు.

అప్పటిదాకా ఏం కావాలో నేనే అనుకుని, అవే అడిగేవాణ్ణి. ఇప్పుడు ముందు మనిషి చెప్పేది పూర్తిగా విని, ఆ తరవాతే క్లాస్ మొదలుపెడతాను. పని నేర్చుకున్నానన్న తృప్తి మాత్రం ఇందులో లేదు. మంగమ్మ గారి వివరాలు సైటులోంచి తీసెయ్యమంటారా అని అడిగితే, సత్యవతి గారు "ఉండనివ్వండి బాబూ, మా అక్క గురించి ఇంకెక్కడా రాసి లేదు" అన్నారు.