స్టింక్ అంటే మంచి వాసన

మా చిన్నప్పుడు... ఇంగ్లీషు టీచరు బోర్డు మీద నాలుగు మాటలు రాసి అర్థాలు చెప్పిన రోజున నేను బళ్లో లేను. అమ్మతో మిరపకాయల కోతకి పోయాను. నాలుగూ వాసనల మాటలే... ఫ్రాగ్రెన్స్, అరోమా, ఆడర్, స్టింక్.

మర్నాడు పక్కపిల్ల నోట్సు చూసి మాటలు ఎక్కించుకున్నాను. అన్నీ వాసనల మాటలేనంది, అర్థాలు రాసుకునేలోపే గంట కొట్టేశారు. ఒక్కో మాటతో ఇంటి గురించి ఒక వాక్యం రాసుకు రమ్మన్నారు. నాకు స్టింకే తెగ నచ్చింది. పలుకుతుంటేనే ఘాటుగా ఉంది కదా, అమ్మ చీరలోని మిరపకాయల ఘాటులా! 'మై మదర్స్ శారీ ఈజ్ స్టింక్' అని గుండ్రంగా రాసుకుపోయాను.

టీచరు పైకి చదివారు. క్లాసంతా ఒకటే నవ్వు...

"ఒసే, స్టింకంటే కంపే!" అని పక్కపిల్ల చెవిలో ఊదింది.

టీచరు మాత్రం నవ్వలేదు. "రేపు మీ అమ్మని తీసుకురా" అన్నారు.

టీచరు రమ్మన్నారని చెప్పాను గానీ, ఎందుకో అమ్మకి చెప్పలేదు. "బాగా చదువుతున్నావని చెప్పడానికే అయ్యుంటదిలే" అని తను మురిసిపోయింది. మర్నాడు కల్లంలో ఎండుమిరపల్లోంచి తెల్లబోయిన తాలుకాయలు ఏరే పని మానుకుని, తలంటుకుని, పెట్టెలోని చీర తీసి కట్టుకుంది. దానికీ మిరపకాయల ఘాటే... నాకు ఏడుపొక్కటే తక్కువ.

టీచరు నన్ను వరండాలో నిలబెట్టి, అమ్మని లోపలికి పిలిచారు. కిటికీలోంచి చూస్తున్నాను. అమ్మకి చదువు రాదు. టీచరు నా వాక్యం మీద వేలు పెట్టి ఏదో చెబుతున్నారు... అమ్మ తల వంచుకుని వింటోంది. చెప్పేశారా? చెప్పలేదా?

అమ్మ బయటికొచ్చి గేటు దాటింది. అప్పుడు ఆగింది.

"ఏమే, స్టింకంటే ఏంటే?"

"మంచి వాసనమ్మా..."

నా వంక చూసింది. పైట కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, "అట్టాగా" అంది. అమ్మయ్య, టీచరు చెప్పలేదు అనుకున్నాను.

ఆ తర్వాత అమ్మ నన్ను ఒక్కరోజు కూడా బడి మాన్పించి కోతకి తీసుకెళ్లలేదు. ఇంట్లో మాత్రం మల్లెపూలు స్టింకే, తాలింపు స్టింకే! నిజం చెప్పే ధైర్యం ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు.

మొన్న, ఒకటో క్లాసు చదివే మా అమ్మాయి దిద్దేసింది.

"అమ్మమ్మా, స్టింక్ అంటే కంపు!"

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

అమ్మ నవ్వింది. "తెలుసులేవే. ఆ రోజే టీచరమ్మ చెప్పింది. అర్థాలు చెప్పిన రోజు మీ అమ్మని కోతకి లాక్కుపోయింది నేనేగా..."

"మరి నన్నెందుకు అడిగావమ్మా?" అన్నాను.

"నువ్వేం చెబుతావోనని. మంచి వాసనన్నావుగా... అదే ఉంచుకున్నా."

ఇప్పుడు అమ్మ కల్లానికి వెళ్లడం లేదు. బీరువాలో తన చీరలన్నీ ఒట్టి సబ్బు వాసన... వాటిల్లో ముఖం దాచుకుని ఎంత వెతికినా ఆ ఘాటు దొరకదు.

మీ అమ్మ చీర ఏ వాసనొచ్చేది? తెలుగులోనే చెప్పండి...