కోదాడ లైన్‌లో రెండు చప్పుళ్లు

పోయిన బుధవారం పొద్దున, సూర్యాపేటలో మా ఇంటి వరండాలో కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, సొంత చెల్లెలు ఏడుస్తూ మాట్లాడుతుంటే నేను ఫోను పెట్టేశాను. పెట్టేసి ఊరుకున్నానా, ఆ నెంబరు మళ్లీ రాకుండా బ్లాకు కూడా చేశాను. ఆ పైన, ఇంట్లోనే కూర్చొని కంప్యూటరు ఉద్యోగం చేసే మనవరాలిని కేకేసి, చూశావా మీ నానమ్మ ఎంత హుషారో అని గొప్పలు పోయాను. చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. అయినా ట్రంకు కాల్ బుక్ చేసి పూటలకు పూటలు కాచుకున్న మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

సిగ్గు ఎందుకంటే, గొంతు గుర్తుపట్టడమే ఒకప్పుడు నా బతుకుతెరువు. మిర్యాలగూడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకొని, ముందున్న బోర్డు మీద తీగలు ఒక రంధ్రంలోంచి పీకి ఇంకో రంధ్రంలో గుచ్చుతూ, బియ్యం మిల్లుల వాళ్లనూ డాక్టర్లనూ పెళ్లి సంబంధాల వాళ్లనూ కలిపేదాన్ని. ఊళ్లో ముఖాలు తెలియవు గాని గొంతులన్నీ తెలుసు. కూరగాయల బజారులో వెనకనుంచి ఎవరైనా బేరమాడితే, వీరు ఫలానా మిల్లు గుమస్తాగారని తిరిగి చూడకుండానే చెప్పేదాన్ని. దగ్గు విన్నా మనిషి పేరు చెప్పేస్తది ఈ పిల్ల అని మా సూపర్‌వైజరమ్మ అందరి ముందూ ఆటపట్టించేది. పైకి ముడుచుకుపోయినా, లోపల మాత్రం నాకు బోలెడంత గర్వం.

మేమిద్దరం గరిడేపల్లి పక్క పల్లెలో పుట్టిన వాళ్లం. నేను ఉద్యోగంలో కుదురుకున్న మరుసటి ఏడే చెల్లెలిని కోదాడకు ఇచ్చారు. కొత్త ఊరు, పెద్ద కుటుంబం, మాట్లాడితే అత్తగారి చూపు. ఉత్తరం రాస్తే నలుగురూ చదివిన తర్వాత గాని పోస్టు డబ్బాలో పడదు. అయితే దాని అదృష్టం, వాళ్ల ఇంటి ఎదురుగానే ఎక్స్ఛేంజి, అందులో ఉన్న ఆపరేటరమ్మ మహా మంచి మనిషి. రోజూ పొద్దున కోదాడ లైను మా మిర్యాలగూడ బోర్డుకు సరిగా కలుస్తున్నదో లేదో పరీక్షించడం మా పని. ఆ పరీక్ష వేళకు చెల్లె బిందె చంకన పెట్టుకొని, నీళ్లకు పోతున్నట్టుగా అటు వెళ్లేది. ఆపరేటరమ్మ ఒక్క క్షణం ఫోను దాని చేతికిచ్చేది. సొంత మాటలు మాట్లాడడం డ్యూటీలో తప్పు కదా, అందుకని అది మాట్లాడేది కాదు, గోటితో ఫోను మీద టక్ టక్‌మని రెండు సార్లు కొట్టేది. బాగున్నానని అర్థం. నేను నా పెన్సిలుతో రెండు సార్లు కొట్టేదాన్ని. మాట్లాడితే తప్పు గాని గోరు తగిలితే తప్పేముందని మాకు మేమే చెప్పుకున్న న్యాయం అది. ఆ రెండు చప్పుళ్లు వినకపోతే ఆ పూట నాకు అన్నం సయించేది కాదంటే నమ్మండి.

ఒకరోజు ఒకటే చప్పుడు వచ్చింది. రెండోదాని కోసం చెవి రిక్కించాను, రాలేదు. అంతే, సూపర్‌వైజరమ్మ కాళ్లా వేళ్లా పడి సెలవు తీసుకొని, దొరికిన బస్సెక్కి హుజూర్‌నగర్ మీదుగా కోదాడలో దిగాను. వెళ్లి చూద్దును కదా, మూడు రోజులుగా ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో వాకిలి ఊడుస్తోంది నా తల్లి! నన్ను చూసి చీపురు అక్కడే వదిలేసి మెడకు చుట్టుకుంది. ఆ రోజే దవాఖానకు తీసుకుపోయి, నయమయ్యే దాకా దగ్గరే ఉన్నాను. ఒక్క గోటి చప్పుడుకు అంత దూరం పరుగెత్తిన మనిషిని నేను.

అదే మనిషికి మొన్న ఏమైంది? ఏమవుతుంది, ఆరు నెలలుగా మనవరాలు చెవిలో ఇల్లు కట్టుకొని చెబుతూనే ఉంది. ఇప్పుడు గొంతులను కూడా దొంగిలిస్తున్నారట, నాలుగు మాటలు దొరికితే చాలు, యంత్రం మన వాళ్ల గొంతుతోనే ఏడుస్తుందట. తెలియని నెంబరు, ఏడుపు, తొందర, ఓటీపీ, ఈ నాలుగూ కలిసి వచ్చాయంటే దేవుడే మాట్లాడినా పెట్టెయ్యమంది. మా వీధిలో ఒక రిటైరైన మాస్టారు మనవడి గొంతు విని అట్లాగే మోసపోయారు కూడా. నేను పాఠం వల్లించినట్టు వల్లించుకున్నాను. సరిగ్గా ఆ నాలుగూ కలిసే వచ్చాయి.

"అక్కా, నీ మరిది బాత్రూంల పడ్డడు, తలకాయ పలిగింది. నా ఫోన్ ఇంట్ల మర్సిపోయిన. నీకు ఓటీపీ వస్తది, జర జల్ది చెప్పక్కా."

గొంతు చెల్లెలిదే. అయ్యో, ఎంత బాగా దొంగిలించారు అనుకున్నాను, పెట్టేశాను.

మధ్యాహ్నం దాని కొడుకు ఖమ్మం నుంచి వచ్చి ఫోను చేసేదాకా అది నిజంగా చెల్లెలేనని తెలియలేదు. వాళ్ల ఆరోగ్య కార్డు చేయించిన రోజుల్లో చెల్లెకు ఫోను లేదు, నా నెంబరే ఇవ్వమని ఉబ్బిపోయి చెప్పింది నేనే, దవాఖానలో ఆ కార్డు వాడితే ఓటీపీ నా ఫోనుకే వస్తుందని మరిచిందీ నేనే. ఎవరి ఫోనో అడుక్కొని చేసింది, ఎందుకంటే దానికి నోటికి వచ్చిన నెంబరు లోకంలో నాదొక్కటే. నేను పెట్టేశాక, కట్టు కట్టిన మొగుడి తల ఒళ్లో పెట్టుకొని రెండు గంటలు దవాఖాన బెంచీ మీద కూర్చుందట. మరిదికి ఎనిమిది కుట్లు పడ్డాయి, ప్రాణానికి భయం లేదన్నారు.

ఒక్కటి తట్టలేదే నాకు! నలభై ఏళ్లకు పైగా కోదాడలో ఉండి దాని మాట అటు ఆంధ్ర వైపు తిరిగిపోయింది, వచ్చావా, తిన్నావా అంటుంది. ఏడుపొస్తే మాత్రం మా పల్లె మాట బయటపడుతుంది. ఆ ఫోనులో వచ్చింది పల్లె మాట. యంత్రానికి ఎట్లా తెలుస్తుంది అది? నాకు తెలియాలి కదా.

సాయంత్రమే మనవరాలిని వెంటబెట్టుకొని కోదాడ పోయాను. చెల్లె కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకొని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకొని, ఒక్కటే అడిగింది.

"నా ఏడుపు గూడ గుర్తువట్టలేదా అక్కా?"

నేను బోరుమన్నాను. అది తన కొంగుతో నా కళ్లు తుడిచి, ఊరుకో, మీ మరిది బానే ఉన్నాడుగా అంది.

ఇద్దరికీ మాత్రమే తెలిసిన మాట ఒకటి పెట్టుకోండని మనవరాలు సలహా ఇచ్చింది. మాకు మాటెందుకే, మా చప్పుడు మాకుంది అన్నాం ఇద్దరం ఒకేసారి. చెల్లె పక్క గదిలోకి పోయి ఫోను చేసి గోటితో కొట్టింది. నాకేమీ వినబడలేదు. మళ్లీ కొట్టింది. ఊహూఁ. ఇప్పటి ఫోనులు మాట ఒక్కటే ఉంచి, మిగతా చప్పుళ్లను చెత్త అనుకొని తీసేస్తాయని మనవరాలు మెల్లగా చెప్పింది. మా పాత బోర్డుకు అంత తెలివి లేదు, గాజుల గలగలా, కుక్కర్ కూతా, పక్కింటి పోట్లాటా అన్నీ మోసుకొచ్చేది, వాటిలో మా రెండు చప్పుళ్లూ ఉండేవి.

చివరికి ఒక మాట పెట్టుకున్నాం. మీకు చెప్పను, తిట్టుకోకండి. రోజూ పొద్దున చెల్లె ఫోను చేస్తుంది, ముందు ఆ మాట చెబుతుంది. నేను సరేనంటాను. ఆ తర్వాత ఒక్క క్షణం ఏమీ మాట్లాడదు, అప్పుడు అదేం చేస్తున్నదో నాకు తెలుసు. "వినబడిందా అక్కా?" అని అడుగుతుంది.

"ఇనవడ్డదే" అంటాను. గోడ మీద నా గోటితో రెండు సార్లు కొడతాను, దానికి వినబడదని తెలిసీ.