అందరి చేతులు బల్ల మీదనే

దయ్యాలు, గాలి సోకుడు, ఇవన్ని నమ్మే మనిషిని కాదు నేను. నాచారంల ఒక మందుల కంపెనీల క్వాలిటీ ల్యాబ్‌ల పనిచేస్త. రాత్రి షిఫ్టులల్ల ఒక్కదాన్నే కారిడార్ల తిరిగిన. ఏదన్న చప్పుడైతే ముందుగాల మోటరు దిక్కు చూస్త, అటెన్క పిల్లి దిక్కు. దయ్యం దాంక ఎన్నడు పోలే. మా అత్తమ్మ గుమ్మానికి నిమ్మకాయలు కట్టినప్పుడల్ల మనసుల నవ్వుకుంట. ఇది చదివినంక “ఈమెకు ముందునుంచే భయం ఉన్నట్టుంది” అనుకోవద్దని మొదలే చెప్తున్న.

ఇంకోటి గూడ ముందే చెప్తే మంచిది. లహరి అంటే నాకు కుళ్లు. అప్పుడు ఉండె, ఇప్పుడు గూడ ఉన్నది.

మేము ఆదివారం పగటిపూట మా ఇంట్ల ఒక ఆట ఆడ్తం. కంప్యూటర్ల కాదు, బల్ల సుట్టు కూసొని ఆడేది. ఒకరు కథ నడిపిస్తరు. మిగిలినోళ్లు ఆ కథల మనుషులై, తామేం చేస్తరో చెప్తరు. అది అయితదో కాదో పాచికలు తేలుస్తయి. నడిపించేది నేను. ఆడేటోళ్లు ముగ్గురు: మా బాబాయి కొడుకు శ్రీను, వాని దోస్తు ఇమ్రాన్, శ్రీను ఆఫీసుల పనిచేసే లహరి. ఆమెది కాకినాడ దిక్కు. ఉప్పల్ మెట్రో దగ్గర చిన్న ఫ్లాట్ కిరాయికి తీసుకొని ఉంటది.

కథ నేను పుట్టించిందే. భూమికి మస్తు దూరంల, చుక్కల నడుమ ఒక స్టేషన్. లోపల మనోళ్లు, బయట శత్రువులు. ఆ శత్రువులకు నోరు లేదు. అందుకని మూగోళ్లు అని పేరు పెట్టిన. వాళ్లు ఏదన్న చెప్పాలంటే స్టేషన్ గోడను బయటి నుంచి కొడ్తరు. కొట్టినంక మనోళ్లల్ల ఎవలో ఒకలు కనబడకుండ పోతరు.

మూగోళ్లు వచ్చినప్పుడు మా దగ్గర ఒక పద్ధతి ఉన్నది. ఆడేటోళ్లందరు రెండు చేతులు బల్ల మీద బోర్లించి, నోరు మూసుకొని కూసోవాలె. నడిపించేటామె చెయ్యి ఒక్కటే బల్ల కిందికి పోతది. కింద నుంచి వేలి కణుపులతోటి కొడ్త నేను. మాది పాత టేకు బల్ల. ఆ దెబ్బ అరచేతులకు తగుల్తది. దేనికి బెదరని ఇమ్రాన్ గూడ చేతులు గుంజుకునేటోడు. ఆ ఒక్క నిమిషం కోసమే వారమంత ల్యాబ్‌ల పనిచేసేదాన్ని అంటే అబద్ధం కాదు.

మూగోళ్లను వీళ్లు ఎన్నోసార్లు ఒకటే అడిగిన్రు, మీకేం కావాలె అని. నేను జవాబియ్యలే. జవాబు నా మనసుల ఉండె. రెండు దెబ్బలు గట్టిగ, జర ఆగి, గోరుతోటి పొడుగ్గ ఒక గీరుడు. దాని అర్థం, మా జాగల మీరు కూసున్నరు అని. హబ్సిగూడ సిగ్నల్ కాడ బస్సుల నిలబడి అనుకున్న ముచ్చట అది. ఎక్కడ రాయలే. మా ఆయనకు గూడ చెప్పలే. ఆఖరి ఆటకని దాచుకున్న.

గంతల మా కంపెనీకి తనిఖీ వచ్చింది, నాకు ఆదివారాలు లేకుండ పోయినయి. నేను లేకుంటే ఆట ఆగుతదనుకున్న. శ్రీను ఫోన్ చేసి, “అక్కా, నువ్వేం ఫికర్ చెయ్యకు, లహరి నడిపిస్తున్నది. మస్తుంది” అన్నడు. ఆమెకు చెప్పిందెవలు, నన్ను అడిగిందెవలు?

తనిఖీ అయిపోయినంక చూస్తే ఆట లహరి ఫ్లాట్‌కు మారింది. రామంతాపూర్ నుంచి వచ్చే శ్రీనుకు అదే దగ్గరట. నేను గూడ అక్కడికే పోయిన. ఎన్నడు ఫోన్ ఇడువని ఇమ్రాన్, ఫోన్ సోఫాల పడేసి ఆమె మొఖం దిక్కే చూస్తుండు. నాకు ఆడేటోళ్ల దిక్కు కుర్చీ ఏసిన్రు. నా ఇంట్ల నన్నే సుట్టం లెక్క కూసోబెట్టినట్టు అనిపించింది. మంచిగ నడిపిస్తున్నదా అంటే, నడిపిస్తున్నది. నాకంటె మంచిగ. ఇగ మూగోళ్లను గూడ తీసుకుంటదేమో అని నాకు లోపల ఒకటే గుబులు.

ఆమెది అద్దం బల్ల. ఇది జర యాదిల పెట్టుకోండి. పైనుంచి చూస్తే కింద టైల్స్, మా కాళ్లు, ఇమ్రాన్ సాక్సులు అన్ని కనబడ్తయి. పట్టపగలు, కిటికీల నుంచి ఎండ మీద పడ్తున్నది.

శ్రీను మళ్ల అదే అడిగిండు, మూగోళ్లకు ఏం కావాలె అని. లహరి “వచ్చారు. చేతులు పెట్టండి” అన్నది. ముగ్గురం పెట్టినం. ఆమె గూడ రెండు చేతులు పెట్టేసింది. ఇన్నేండ్లు ఆడేటోళ్ల దిక్కు కూసున్న మనిషి గదా, ఆ అలవాటుల మర్చిపోయింది. నేను చూసి సంబురపడ్డ. ఇప్పుడు ఎట్ల కొడ్తవో కొట్టు అనుకున్న.

కింద నుంచి చప్పుడొచ్చింది. రెండు గట్టిగ. జర ఆగి, గోరుతోటి గీరుడు.

అద్దం మీద కొడ్తే వచ్చే చప్పుడు కాదది. టేకుది. మా ఇంట్ల నా బల్లది. అరచేతులకు తగిలింది గూడ. నలుగురి చేతులు పైననే ఉన్నయి, బల్ల కింద మా కాళ్లు తప్ప ఏం లేదు. శ్రీను వంగి చూసిండు. కింది ఫ్లాట్‌కు తాళం ఉన్నది, పోయి చూసిన. ఫోన్లు కుర్చీల మీద గిట్ల ఏమన్న వణికినయా అంటే, అన్ని సోఫాల ఉన్నయి. తర్వాత నేనే ఆ అద్దాన్ని కణుపులతోటి, గోళ్లతోటి, చెంచాతోటి కొట్టి చూసిన. ఆ చప్పుడు రాలే.

చప్పుడు ఆగినప్పుడు లహరి చేతులు ఇంక అద్దం మీదనే ఉన్నయి. “వాళ్ల చోటులో మనం కూర్చున్నామంటున్నారు” అన్నది మెల్లగ. ఎవ్వరికి చెప్పని నా మాట అది. నీకెట్ల తెల్సు అని అడిగిన. “తెలీదక్కా. అలా అర్థమైంది, అంతే” అని కుర్చీల నుంచి లేచింది. “మీరొచ్చి కూర్చోండి అక్కా. నాకొద్దు.”

ఆనాటి నుంచి ఆట మళ్ల నాచారంల మా ఇంట్లనే. నడిపించేది నేనే. లహరి ఆడ్తది. నేను కోరుకున్నది నాకు దొరికింది.

కని ఇప్పుడు నేను బల్ల కింద కొడ్తే శ్రీను, ఇమ్రాన్ ఇద్దరు లహరి మొఖం దిక్కు చూస్తరు, నిజంగనే వచ్చిన్రా అన్నట్టు. ఆమె తల అడ్డంగ ఊపుతది. అయినంక వాళ్లు మళ్ల ఆటల పడ్తరు. ఇమ్రాన్ చేతులు గుంజుకునుడు మానేసిండు.

నీ కుర్చీ నీకు ఇప్పించనీకే వచ్చిన్రు గదా అక్కా అంటడు శ్రీను. అయ్యుండొచ్చు. అదేందో నాకు ఇయ్యాల్టికి తెల్వదు, తెలుస్తదన్న ఆశ గూడ లేదు. కొన్ని ఆదివారాలు వీళ్లు రాకముందు ఒక్కదాన్నే కూసొని, రెండు చేతులు బల్ల మీద పెట్టి మూగోళ్లను అడుగుత. పైన ఫ్యాను తిరుగుతది. కింది ఇంట్ల కుక్కర్ కూత పెడ్తది. వాళ్లను పుట్టించింది నేను, పేరు పెట్టింది నేను. చెప్పేదేదో నాకే చెప్పొచ్చు గదా. ఆమెకెందుకు చెప్పిన్రు?