గాలి నిలవని బండి

సాయంత్రం నిలబెట్టినప్పుడు మామూలు ఎత్తులో ఉండే మా బండి, తెల్లారేసరికి వెనక కుడివైపు ఒరిగి, టైరు మీద రేకు ఆనేంతగా దిగిపోయి ఉండేది. అమ్మ వాకిలి ఊడుస్తూ, "లేవలే ఇంక నీ బర్రె. గడ్డి వెయ్యిపో" అనేది నాన్నతో. నాన్న ఇంజిన్ వేసేవాడు. లోపలెక్కడో చిన్న మోటారు గొణిగేది. కాసేపటికి బండి నడుం పట్టుకున్న ముసలామెలా మెల్లగా లేచేది.

అది విదేశీ బండి. తోలు సీట్లు, డోర్ల లోపల చెక్క పట్టీలు, రాళ్ళలోనైనా గుట్ట మీదికైనా ఎక్కే శక్తి. తాండూరులో బండల గనీ పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న ఒక సేటు దాన్ని కొత్తగా కొన్న రోజు నుంచి నడిపింది నాన్నే. సేటు పని మూసుకుని వెళ్ళిపోతూ, "నా కన్న నువ్వే ఎక్కువ కూసున్నవ్ దీంట్ల, నువ్వే ఉంచుకో" అని కాగితాలు నాన్న పేరు మీదికి మార్పించాడు. మేం మొదటిసారి ఎక్కినప్పుడు అమ్మా నేనూ అలవాటు లేక వెనక సీట్లో కూర్చున్నాం. నాన్న అద్దంలో చూసి, "ఒక్కలన్న ముందుకు రాండ్రి. లేకుంటే మల్ల డ్రైవర్నే అయిత" అన్నాడు. ఆ రోజు నుంచీ ముందు సీటు నాదైంది.

బండికి పదిహేనేళ్ళు నిండాయి. వికారాబాద్‌లో తనిఖీ చేయించి, రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటేనే ఇక అది రోడ్డెక్కాలి. లేకపోతే తుక్కు. ఫోన్‌లో తేదీ తీసుకున్నది నేనే. పక్షం రోజులు చేతిలో ఉన్నాయి. ఒరిగిపోయే బండికి ఎవరూ సంతకం పెట్టరని నాన్నకు తెలుసు. తాండూరులో లారీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన బానెట్ ఎత్తి చూసి వెంటనే దించేశాడు.

"అన్నా, గిది నా తోని కాదు. దీంట్ల ఇంజిన్ ఏడున్నదో సుత కనవడ్తలేదు."

హైదరాబాదు వర్క్‌షాపు ఖర్చు సేటు లాంటివాళ్ళకే చెల్లు. అందుకని మేమే మొదలుపెట్టాం. మేమంటే నాన్న, పానాల డబ్బా, ఇంగ్లీషు చదవగలిగిన నేను. బండి మరమ్మతు పుస్తకం ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. వందల పేజీలు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా నేను పుస్తకాలు చాలా చదివాను గానీ, ఒక పుస్తకం ఎవరికైనా అవసరపడటం అదే మొదటిసారి. ముందుగా ఆ పేజీలు డైరీలో తెలుగులో రాసుకుని, తర్వాత చదివి వినిపించేదాన్ని.

"వాహనాన్ని సమతల ప్రదేశంలో నిలపవలెను."

"సమతల అంటే ఏంది బిడ్డా?"

"సాఫు జాగ, నాయినా."

"గట్ల చెప్పు మరి."

ఈ బండికి ఇనప స్ప్రింగులు లేవు. ప్రతి చక్రం పైనా ఒక రబ్బరు తిత్తి ఉంటుంది. మోటారు వాటిలోకి గాలి కొడుతుంది. ఆ గాలే బండిని మోస్తుంది. షాంపూ కలిపిన నీళ్ళు నేను చల్లుతుంటే నాన్న నేల మీద పడుకుని చూశాడు. వెనక కుడి తిత్తి మడతలో బుడగలు పుట్టాయి. "దొరికింది దొంగ!" అని కింద నుంచి అరిచాడు. ఒక తిత్తికి వయసైతే మిగతా మూడింటికీ అయినట్టేననీ, అన్నిటినీ చూసుకోవాలనీ పుస్తకంలో ఉంది. ఆ మాట చదివాను కూడా. బహుశా మరీ మెల్లగా చదివాను. "కారేదాన్ని మారుస్తం. కారనిదాన్ని ఎందుకు గెలుకుడు?" అన్నాడు నాన్న. నేను మళ్ళీ చెప్పలేదు.

హైదరాబాదులో పాత సామాన్ల బజారు నుంచి ఒక తిత్తి తెచ్చాడు. దాన్ని బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఒక నట్టు తుప్పు పట్టి కదల్లేదు. నాన్న వేళ్ళ చర్మం లేచిపోయింది. నేను చేసింది ఫోన్ వెలుగు పట్టుకోవడమే. అది కూడా, "గాడ గాదు, గీడ" అనిపించుకుంటూ. రెండో ఆదివారం బండి నాలుగు కాళ్ళ మీదా సమంగా లేచింది. నాన్న చుట్టూ తిరిగి నాలుగు మూలలూ జానలతో కొలిచాడు. అమ్మ కూడా బయటికి వచ్చి చూసింది. ఏమీ అనలేదు. అదే మెచ్చుకోలు.

సోమవారం పొద్దున వెనక భాగం నిలబడే ఉంది. ముందు ఎడమ మూల కూలబడి ఉంది.

తనిఖీ మంగళవారం. ఇంకో తిత్తి తేవడానికి సమయం లేదు. ఆ రోజంతా తేదీ మార్చుకునే దారి ఫోన్‌లో వెతికాను. ఆ సైటు తెరుచుకోలేదు. సాయంత్రం నాన్న ఇంజిన్ వేసి చూశాడు. నడుస్తున్నంతసేపూ మోటారు కారేదాన్ని కారినట్టే నింపుతోంది. ఆపి చూస్తే, అమ్మ చాయ్ పెట్టి తెచ్చేలోపు మూల దిగిపోయింది.

"బండి బంద్ చెయ్యొద్దు. గంతే" అన్నాడు నాన్న. "కాగితం చేతికొస్తే ముందటిది గూడ నిమ్మళంగ మారుస్త. మోసం గాదు బిడ్డా, వారం రోజుల ముచ్చట." ఆ మాట నాకే చెప్పాడో తనకే చెప్పుకున్నాడో తెలియదు.

మంగళవారం చీకటి విడవకముందే బయలుదేరాం. దారంతా మోటారు ఆగకుండా నడుస్తూనే ఉంది. ధారూర్ దాటాక ఒక గుంత తగిలింది. ఆ తర్వాత నా కాళ్ళ దగ్గర సన్నగా బుసలు వినపడటం మొదలైంది. నాన్న నా వైపు చూశాడు. నేను నాన్న వైపు చూశాను.

తనిఖీ మైదానంలో మా ముందు రెండు ఆటోలు, ఒక స్కూలు వ్యాను ఉన్నాయి. వెనక ఒక ట్రాక్టరు. ఇంజిన్ నడుస్తూనే ఉంది. గాలి మోటారు వేడెక్కి కాలిన రబ్బరు వాసన వస్తోంది. "సార్ అద్దం కాడికి వస్తే కాగితాలు నువ్వియ్యి. నేను కదల" అన్నాడు నాన్న. నేను కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాను.

వ్యాను కదిలింది. తనిఖీ అధికారి మా వైపు తిరిగాడు. తెల్ల చొక్కా, చేతిలో ట్యాబు, నాన్న కంటే చాలా చిన్నవాడు. ఆయన ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే నాన్న చెయ్యి తాళం మీదికి పోయింది. ఇంజిన్ ఆగింది. డోరు తీసి, దిగి, చప్పుడు కాకుండా వేసి, తాళం గుప్పిట్లో పట్టుకుని, కొంచెం వంగి నిలబడ్డాడు. సేటు మెట్లు దిగివస్తుంటే ఇన్నేళ్ళూ ఎలా నిలబడ్డాడో అలాగే.

'నాయినా' అనాలి. ఒక్క మాట. అద్దం దించే ఉంది. నా నోరు తెరుచుకుంది కూడా. బయట అంతమంది మగవాళ్ళున్నారు. మాట రాలేదు.

"మస్తు మెయింటేన్ చేసినవ్ పెద్దాయనా!" అన్నాడు అధికారి, బండి చుట్టూ నడుస్తూ. నంబర్లు చూసుకున్నాడు. ఫోటో తీశాడు. నా సీటు నీళ్ళలో పడవలా ఒక పక్కకు వాలడం మొదలైంది. నేను రెండు చేతులతో కాగితాలు గట్టిగా పట్టుకున్నాను, అవి బండిని ఆపుతాయన్నట్టు.

"ఏందిది, కూసుంటున్నది?"

"సార్‌కు దండం పెడుతున్నది!" అన్నాడు వెనక నుంచి ట్రాక్టరు మనిషి. అందరూ నవ్వారు.

నాన్న పరుగున వచ్చి తాళం తిప్పాడు. ఇంజిన్ లేచింది. గాలి మోటారు రెండుసార్లు గొణిగి ఆగిపోయింది. స్టీరింగ్ వెనక మీటర్ల మధ్య వెలుగుతున్న గాలి లైటు పసుపు నుంచి ఎరుపుకు మారింది.

"ఇప్పుడే లేస్తది సార్. జర ఆగుండ్రి. రోజు లేస్తది" అన్నాడు నాన్న. నాన్న గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

అధికారి మంచివాడే. ఆగాడు. తర్వాత, "గిట్ల ఉంటే నేనెట్ల రాస్త పెద్దాయనా? మంచిగ చేపిచ్చుకొని తీస్కరా" అని ట్రాక్టరు దగ్గరికి పోయాడు.

కూలబడిన బండినే ఇరవై వేగంతో తాండూరు వైపు నడిపాం. రోడ్డులోని ప్రతి రాయీ పళ్ళలోకి తగిలింది. బస్సులు హారన్ కొడుతూ దాటిపోయాయి. చాలా దూరం వచ్చాక అడిగాను, "ఎందుకు దిగినవ్ నాయినా?"

"సార్ వచ్చిండు గద" అన్నాడు, తెలివిలేని ప్రశ్న అడిగినట్టు. ఇంకాస్త దూరం పోయాక, "నువ్వన్న యాది చెయ్యకపోతివి" అన్నాడు. కోపం లేదు. నేను కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చున్నాను.

రైల్వే గేటు పడి ఉంది. పక్కన ఆగిన బైకు మనిషి మా బండిని ముందు నుంచి వెనక దాకా చూసి, అద్దం దగ్గరికి వంగాడు.

"తుక్కుకేస్తున్నవా అన్నా? మాకు తెల్సినోడున్నడు. ఇంటికొచ్చి తీస్కపోతడు."

నాన్న స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని గేటునే చూస్తున్నాడు. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"నంబర్ రాస్కో బిడ్డా" అన్నాడు.

అతను ఒక్కో అంకె చెప్పాడు, నేను ఫోన్‌లో నొక్కాను. ఒక అంకె తప్పు నొక్కితే ఎవరికీ తెలియదు. రైలు వచ్చి పోయింది. "మల్లొకసారి చదువు చెల్లే" అన్నాడతను. చదివాను. సరిగ్గానే ఉంది.