పిన్నమ్మ ఆదివారాలు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మైపాడు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పిన్నమ్మ పోయింది" అన్నాడు. బడికి పోవడానికి జడ వేసుకుంటూ, గుండెల్లో మంటగా ఉందని మంచం మీద కూర్చుందట. మళ్లీ లేవలేదు. నేను నెల్లూరులో ఆఫీసుకు బయల్దేరుతున్నాను. ముందు ఏడుపు రాలేదు. అయ్యో, ఆ మాట చెప్పనే లేదే అనిపించింది. ఆ మాటేమిటో చెప్పకుండా పిన్నమ్మ గురించి ఏం రాసినా అది దొంగ రాతే అవుతుంది.

పిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. ఇంటర్‌తో చదువు ఆపేసి, మైపాడులో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేది. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పేది. చేపలమ్మే ఆడవాళ్లతో కూడా ముందు ఇంగ్లీషులో బేరం మొదలుపెట్టి, వాళ్లు నవ్వాక తెలుగులోకి దిగేది. కొన్నాళ్లకు వాళ్లూ తెలివిమీరి, ఆమె బుట్ట దగ్గరికి రాగానే "నో తగ్గింపు టీచరమ్మా" అనడం నేర్చుకున్నారు. మొదటిసారి అలా అన్న రోజంతా ఆమె మురిసిపోయింది.

పిల్లలు తప్పు మాట్లాడితే కోప్పడేది కాదు. "తప్పయినా ఫరవాలేదు, ఊరకుండబాకండి" అనేది. "నోరు తెరిస్తేనే గదా భాష లోపలికి పొయ్యేది!" అలా నోరు తెరిచిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. ఆ ధైర్యంతోనే డిగ్రీ అయ్యాక వియత్నాం వెళ్లి రెండేళ్లు ఇంగ్లీషు చెప్పి వచ్చాను. ఇప్పుడు అలాంటి బడులకు ఇక్కడి నుంచి టీచర్లను పంపే ఆఫీసులో పని చేస్తున్నాను.

ఒకసారి ఊరికి వెళ్లినప్పుడు, వాకిట్లో కూర్చుని నా ఫోన్‌లో అక్కడి ఫొటోలు చూస్తూ అడిగింది. "నన్ను గూడా పంపరాదా పాపా? మన సముద్రంలో పొద్దు పుట్టేదే చూసినా ఇన్నాళ్లూ. ఆ దేశాల్లో కొన్ని చోట్ల పొద్దు నీళ్లలోనే గుంకుతాదంట గదా. అది చూడాల నేను."

ఆమెకప్పటికే యాభై దాటాయి. మేం పంపే బడులు నలభై అయిదు దాటినవాళ్ల వైపు చూడను కూడా చూడవు. ఆ మాట ఆమె మొహం మీద అనలేకపోయాను. "డిగ్రీ ఉండాల పిన్నమ్మా. ఏ సబ్జెక్టయినా సరే, డిగ్రీ లేనిదే అక్కడ పనికి అనుమతి ఇవ్వరు" అన్నాను. అదీ నిజమే. ఎవరినైనా మెల్లగా వదిలించుకోవాలంటే మా ఆఫీసులో అందరం అనే మాట అదే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని అసలు నిజం దాచాను. ఈ వయసులో డిగ్రీ ఎక్కడ చదువుతుందిలే, ఇంతటితో మరిచిపోతుందనుకున్నాను.

ఆమె ఓపెన్ యూనివర్సిటీలో చేరింది.

క్లాసులు నెల్లూరులో, అదీ ఆదివారాలు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆరాధన మానని మనిషి పాస్టరు గారి దగ్గరికి పోయి సెలవడిగింది. పిల్లల బైబిలు తరగతిని శనివారం సాయంత్రానికి మార్చుకుంది. "ఈ వయసులో డిగ్రీ ఏంది, ఆరాధన మానుకోని?" అని చర్చిలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకుంటే, "ప్రభువుకు నేను బస్సులో గూడా కనపడతాలే" అని నవ్వేసేది.

క్లాసు కాగానే మా ఇంటికి వచ్చేది. పొద్దున్నే వండి తెచ్చిన చేపల పులుసు గిన్నె నా ముందు పెట్టి, అర్థంకాని పాఠాలు అడిగేది. అడుగుతూనే కునుకు తీసేది. ప్రతి ఆదివారం చెప్పేద్దామనుకునేదాన్ని. ప్రతి ఆదివారం ఆ పులుసు కలుపుకుని తిన్నాను, మాట మింగాను.

డిగ్రీ పాసైంది. తెల్లచీర కట్టుకుని నేరుగా మా ఆఫీసుకే వచ్చింది. "ఇంకేం గావాల పాపా?" అంది. నాతో పనిచేసే అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది. నేను తల దించుకుని, ఇంగ్లీషు బోధనలో శిక్షణ సర్టిఫికెట్ కూడా ఉండాలన్నాను. అదీ నిజమే. "అంతే గదా, అది గూడా చేస్తా" అంది. ఫోన్‌లో ఆ పాఠాలు సగానికి వచ్చాయి, ఈలోగా ఆమె ప్రాణం పోయింది.

నా పుణ్యమా అని ఆమె డిగ్రీ అయినా చేసిందని అమ్మ అంటుంది. ఆ ఆదివారాల్లో పిన్నమ్మ సంతోషంగా ఉన్న మాట నిజమే. కానీ ఆ సంతోషం ఆమె సంపాదించుకున్నది, నేనిచ్చింది కాదు. నేనిచ్చింది అబద్ధం.

సమాధి అయ్యాక ఇంటి దగ్గర, మమ్మల్ని ఓదార్చడానికి చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడిక జరిగింది. పిన్నమ్మతో కలిసి చదివినవాళ్లు కొందరు నెల్లూరు నుంచి బస్సులో వచ్చారు. ప్రార్థన అయ్యాక వాళ్లలో ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అంగన్‌వాడీలో పని చేస్తుందట. పాపిట దగ్గర జుట్టు నెరిసింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా అక్కా, టీచరమ్మను బయటి దేశం పంపిస్తానన్నది? మాకందరికీ నీ మాటే చెప్పేది. ఆమెను చూసే నేను గూడా చేరినా. ఈ ఏడుతో నాది గూడా అయిపోతాది. డిగ్రీ ఉంటే చాలు గదా?"

చుట్టూ జనం. షామియానా కింద కాఫీలు ఇస్తున్నారు.

"చాలదమ్మా" అన్నాను. "వయసు గూడా చూస్తారు."

ఆమె వెంటనే చేతులు వదల్లేదు. ఇంటి లోపల గోడకు పెట్టిన పిన్నమ్మ ఫొటో వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది.

"టీచరమ్మకు తెలుసా ఈ మాట?" అంది.