నేను ఎత్తగలిగిన బండి

బండి కొనేముందు మనవాళ్లు మైలేజీ అడుగుతారు, రంగు చూస్తారు, హారన్ మోగించి చూస్తారు. నేను ఎత్తి చూశాను. రాజమండ్రిలో ఆ షాపు యజమాని కుర్చీలోంచి లేచి పరుగున వచ్చి, "ఏంటండీ, ఏం చేస్తున్నారండీ?" అన్నాడు. నేను ముందు చక్రం లేపాను, వెనక చక్రం లేపాను, తర్వాత బండి మొత్తాన్ని ఒక అడుగు పక్కకి జరిపి పెట్టాను. ఇది ఇవ్వండి అన్నాను. ఆయన నన్ను అనుమానంగా చూసి, "దీన్ని ఎవరూ కొనట్లేదండీ," అని నిజం చెప్పేశాడు.

ఎనభైల మొదట్లో మాట ఇది. అప్పుడు నేను కాలవ పక్కన ఒక పల్లెటూళ్లో పశువుల ఆస్పత్రి కాంపౌండర్ని. డాక్టరు గారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా రోజుల్లో జనానికి నేనే డాక్టర్ని. నా కింద ఆరు ఊళ్లు, వాటిలో మూడు కాలవ అవతల. అవతలికి పోవాలంటే తాటిపట్టెల వంతెన ఒక్కటే దారి. రెండు తాటి దూలాలు పక్కపక్కన వేసి మధ్య సందులో మట్టి కూరేవారు. వాన పడితే ఆ మట్టి జారిపోయేది. మళ్లీ కూరాలని అందరికీ తెలుసు, కూరే నాథుడే లేడు. నేను సైకిలు భుజానికెత్తుకుని దాటేసేవాణ్ణి.

మా మావగారిది రాజమండ్రిలో తవుడు, గానుగ చెక్కల వ్యాపారం. అల్లుడు సైకిలు తొక్కుతున్నాడంటే ఆయనకి తల కొట్టేసినట్టుండేది. అందుకని మా బావమరిది మోటారు సైకిలు కొన్నాళ్లు వాడుకోమని పంపించారు. అది బండి కాదు, ఏనుగు. స్టాండు వెయ్యడానికే ఇంకో మనిషి కావాలి. దాని మీద వెళ్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నమస్కారం పెట్టేవారు. నాకూ బాగానే ఉండేది, అబద్ధమెందుకు?

వరికోతలయ్యాక చేలల్లో పిల్లిపెసర మేత పచ్చగా ఎదిగిన రోజులు. కట్టు తెంచుకుని దాన్ని కడుపు పగిలేలా మేసిందంటే గేదెకి పొట్ట ఉబ్బిపోతుంది. ఎడమ డొక్కలో గొట్టం దించి గాలి తీస్తే లేచి నిలబడుతుంది, ఆలస్యమైతే ఊపిరాడక చచ్చిపోతుంది. అవతలి ఊళ్లో ఒకావిడ గేదెకి అలా అయిందని కబురొచ్చింది. ఆవిడకి భర్త లేడు. పాలు పోసుకుని బతికే మనిషి, ఆ ఇంటికి ఆ గేదే ఆధారం. వెంటనే బయల్దేరాను. వంతెన మధ్యకి వచ్చేసరికి వెనక చక్రం దూలాల సందులోకి దిగబడిపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. చెయ్యి వదిలితే కాలవలో పడుతుంది.

వదలాల్సింది. సంచీ తీసుకుని పరిగెత్తితే ఆ ఊరు ఎంతసేపు? కానీ అది బావమరిది బండి. దాన్ని నీళ్లలో పడేస్తే మావగారికి ఏం చెప్పాలి, ఆ ఇంటి గడప ఎలా తొక్కాలి అనుకుంటూ హేండిల్ పట్టుకుని, చేలవైపు తిరిగి కేకలు పెడుతూ నిలబడ్డాను. నలుగురు వచ్చి బండి పైకి లాగేసరికి గంట దాటింది. నేను చేరేసరికి గేదె కాళ్లు చాపేసింది. ఆవిడ దాని మెడ మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. "వంతెన విరిగిందమ్మా," అన్నాను. వంతెనకి ఏమీ కాలేదు.

ఆ వారమే ఏనుగుని దాని ఇంటికి పంపేశాను. బండి నాదై ఉండాలి, దాన్ని నేనొక్కణ్ణే ఎత్తగలగాలి, అవసరమైతే వదిలేయగలగాలి అని గట్టిగా అనుకున్నాను. వెతగ్గా వెతగ్గా దొరికింది ఇది. ఎవరూ పేరు వినని కంపెనీ, చిన్న టూ స్ట్రోక్ ఇంజను, బక్కపల్చటి ఒళ్లు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందుంది కాబట్టి బురద ఇరుక్కోదు. సైలెన్సరు కింద కాకుండా పక్కనుంచి పైకి పోయింది. ఎక్కడో కొండల్లో తిరిగేవాళ్ల కోసం చేశారట, వాళ్లూ కొనలేదట.

మావగారు స్వయంగా బస్సెక్కి వచ్చారు. వాకిట్లో బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మీకేం లోటు చేశామండీ అల్లుడు గారూ? ఈ మిడతనెక్కి మా వీధిలోకొస్తే నలుగురూ ఏమనుకుంటారండీ?" అన్నారు.

"మీ వీధికి సైకిలు మీదే వస్తానండి," అన్నాను.

"రేపు ప్లగ్గు పోతే ఎక్కడ దొరుకుతుందండీ? ఈ కంపెనీ పేరు చెప్తే మెకానిక్కులు నవ్వుతున్నారు."

"అర డజను కొని బీరువాలో పెట్టానండి."

ఆయన భోజనం చేశారు గానీ పెరుగు వేసుకోలేదు. మా ఇళ్లలో అలకకి అంతకంటే పెద్ద గుర్తు లేదు. మా ఆవిడ రెండు రోజులు ముభావంగా తిరిగి, "ఎందుకండీ అంత పట్టుదల?" అని అడిగింది. తేలిగ్గా ఉంటుందని అన్నాను. అసలు సంగతి ఆవిడకీ చెప్పలేదు. సిగ్గేసింది.

ఇక ఆ బండితో సావాసం మొదలైంది. పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. తక్కువైతే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ. నేను భయానికి ఎక్కువే పోసేవాణ్ణి. గట్టు మీద నేను వెళ్తుంటే, "డాక్టరు గారు దోమల మందు కొడుతున్నారొరేయ్!" అని నాట్లు వేసేవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వారు. సైలెన్సరు విప్పి మసి గీకడం, ప్లగ్గు తుడవడం, కార్బొరేటర్ కడగడం నేనే నేర్చుకున్నాను. ఏ మెకానిక్కు ముందూ చేతులు కట్టుకుని నిలబడకూడదని నా పంతం.

శ్రావణంలో ముసురు పట్టిన ఒక ఉదయం, గేదెని పోగొట్టుకున్న ఆవిడ మరిది సైకిలు మీద వచ్చాడు. ఆర్నెల్లుగా ఆ ఇంటినుంచి నాకు కబురు లేదు. ఆవిడ పుట్టింటివాళ్లు ఒక చూడిపడ్డని, కడుపుతో ఉన్న పడుచు గేదెని, తోలిచ్చారట. తొలి ఈత, రాత్రినుంచీ నొప్పులు పడుతోందట, దూడ రావట్లేదట. అతన్ని వెనకాలే రమ్మని బండి తీశాను. వంతెన మీద మట్టి మొత్తం కొట్టుకుపోయింది. దిగి తోసుకుంటూ సగం దాటాను. కాలు జారింది, బండి పక్కకి ఒరిగింది. రెండు చేతులా లాగితే నిలబడేది. కాసేపు పెనుగులాడితే తప్పకుండా నిలిపేవాణ్ణి.

వదిలేశాను. అది నీళ్లలో పడిన చప్పుడు విని కూడా వెనక్కి చూడకుండా, సంచీ గుండెలకి పెట్టుకుని పరిగెత్తాను.

దూడ ముందుకాలు ఒకటి లోపల మడత పడి ఉంది. చెయ్యి పెట్టి, కాలు సరిచేసి, నొప్పి వచ్చినప్పుడల్లా లాగుతూ ఉంటే ఎప్పటికో బయటపడింది. పెయ్యదూడ. పడ్డ తల తిప్పి దాన్ని నాకడం మొదలుపెట్టింది.

పెరట్లో ఆవిడ చెంబుతో నీళ్లు పోస్తుంటే చేతులు కడుక్కుంటున్నాను.

"బండేదండీ? చప్పుడు వినపళ్లేదు," అంది.

"కాలవలో పడేసొచ్చాను," అన్నాను. ఇక ఆగలేకపోయాను. "ఆ రోజు కూడా అలాగే రావాల్సిందమ్మా. వంతెన విరగలేదు. బండి పడిపోతుందని దాన్ని పట్టుకుని నిలబడిపోయాను."

"తెల్సండీ. లాగినోళ్లు ఆ సాయంత్రమే చెప్పారు."

"తెలిసీ మళ్లీ నాకే కబురు పెట్టారా?"

"మా మరిది వద్దనే అన్నాడండీ. మీరు ఆ పెద్ద బండి ఇచ్చేసి, ఎవరూ కొనని బక్క బండి కొన్నారని ఊరంతా నవ్వుకున్నారు గదండీ. ఎందుకు కొన్నారో నాకు తెల్సిపోయింది."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఇంకో చెంబు నీళ్లు పోసింది.